మందిరానికి 50,000 ఇస్తానని మాటిచ్చాను, బంగారం తాకట్టు పెట్టనా?

ప్రశ్న: అక్కా వందనాలు. మాది రణస్థలం. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తారు, చేతికి 24,000 వస్తాది. నేను ఇంట్లో మిషన్ కుడతాను, సీజన్ అన్‌సీజన్ కలిపి చూస్తే నెలకి 6,000 పడతాది. బాబుకి 11, పాపకి 7, అత్తగారు మాతోనే ఉంటారు. నెలనెలా 3,000 దశమ భాగం ఇస్తాను, ఆయనకది ఇష్టం లేదు, దానిమీదే గొడవలు. మొన్న స్త్రీల కూడికలో మందిరం కట్టడానికి 50,000 ఇస్తానని నిలబడి చెప్పేశాను, ఆయనకి చెప్పలేదు, క్రిస్మస్ లోపు ఇవ్వాలి. నా బంగారం తాకట్టు పెట్టి ఇచ్చేద్దామనుకుంటున్నాను. అత్తగారి మందులు 1,500 మా బావగారి మీద వేసేస్తే కొంచెం వెసులుబాటు అవుద్ది. పాపని క్రైస్తవ హాస్టల్ స్కూల్లో వేస్తే భక్తిలో పెరుగుద్దని ఆశ, ఏడాదికి 65,000 అంట. ఇన్సూరెన్స్ గురించి అడిగితే మా కూడికలో ఒకామె అది అవిశ్వాసం అంది. ఇంట్లో దేవుడే ముందుండాలి, పిల్లల భవిష్యత్తూ పాడవ్వకూడదు. ఏటి చెయ్యమంటారు?

జవాబు:

చెల్లీ, వందనాలు. బంగారం తాకట్టు పెట్టకండి. ముందు ఈ ఒక్క మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడతాను, ఎందుకంటే మిగతావన్నీ మెల్లిగా సరిచేసుకోవచ్చు గానీ ఇది ఒకసారి చేసేస్తే వెనక్కి తియ్యడం చాలా కష్టం.

బ్యాంకులో ఏడాదికి 12 శాతం అనుకుని లెక్కేసినా 50,000 కి నెలకి 500 వడ్డీ. అదే ఊళ్ళో వందకి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 1,000, ఏడాదికి 12,000, అసలు అలాగే ఉంటాది. మీరు పంపిన ఖర్చుల చీటీ చూశాను, అద్దె 5,500, సరుకులు గ్యాసు పాలు 9,000, పిల్లల ఫీజులూ ఆటో 3,500, కరెంటు ఫోన్లు 1,200, అత్తగారి మందులు 1,500, డ్వాక్రా వాయిదా 2,200, చీటీ పాట 3,000, దశమ భాగం 3,000, పెట్రోలు చిల్లర ఖర్చులు 2,000. మొత్తం 30,900. వచ్చేది 30,000. అంటే ఏ జబ్బూ ఏ పెళ్ళీ లేని మామూలు నెలలోనే 900 తక్కువ పడుతున్నాది, దాని మీద ఇంకో వడ్డీ ఎక్కడినుంచి కడతారు? కట్టలేరు, ఏడాది తిరిగాక నోటీసు వస్తాది, వేలానికి పోతాది, అప్పుడు మీ ఆయనకి తెలుస్తాది. ఆ రోజు ఆయన మనసులో మందిరం గురించి, మీ ప్రార్థన గురించి ఏ అభిప్రాయం ఉంటాదో ఒకసారి ఆలోచించండి. ఇవ్వండి దేవుడు రెట్టింపు ఇస్తాడని సభల్లో చెప్తారు, ఆయన ఎప్పుడు ఎలా ఇస్తాడన్నది ఆయన చిత్తం, ఆ రెట్టింపు వస్తుందని ముందే లెక్కలో రాసుకుని అప్పు చెయ్యడం మాత్రం ఏ ఆర్థిక సలహాదారూ ఒప్పుకోలేనిది, ఒక విశ్వాసిగా నేనూ ఒప్పుకోను.

మరి మాటిచ్చాను కదా, మొక్కుకుని చెల్లించకపోతే పాపం కదా అంటారు. ప్రసంగి 5వ అధ్యాయంలో ఆ హెచ్చరిక ఉన్నమాట నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. కానీ మొక్కుబళ్ళ గురించి వివరంగా రాసిన చోటు ఇంకొకటుంది, లేవీయకాండం 27వ అధ్యాయం, అక్కడ మనిషిని మొక్కుకుంటే ఎవరికి ఎంత వెల అని తులాలతో సహా రాసి ఉంటాది, రాసి 8వ వచనంలో ఏమంటారంటే మొక్కుకున్నవాడు ఆ వెల చెల్లించలేనంత బీదవాడైతే వాడు యాజకుడి ముందుకి రావాలి, వాడి కలిమిని బట్టి యాజకుడే వెల నిర్ణయించాలి. చూశారా, ధర్మశాస్త్రంలోనే ఆ దారి పెట్టారు, పారిపోవడం కాదు, దాచడం కాదు, ఎదురుగా వెళ్ళి నిలబడి ఇదీ నా పరిస్థితి అని చెప్పడం. మీరు చెయ్యాల్సింది కూడా అదే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారినీ, ఆయన భార్యనీ కలిసి, వీలైతే మీ ఆయనతో కలిసే వెళ్ళి, క్రిస్మస్ లోపు 50,000 నా వల్ల కాదండీ, 25,000 ఇవ్వగలను, దానికి ఈ గడువు కావాలి అని సూటిగా చెప్పండి. మంచి కాపరి అయితే సంతోషంగా ఒప్పుకుంటాడు. నిలబెట్టి, చేతులెత్తించి, అందరి ముందూ పేరు చదివించి మాట తీసుకునే పద్ధతి మీద నాకు చాలా బాధ ఉంది, మన సంఘాల్లో ఎక్కువమందివి కూలీ, కుట్టుపని, కంపెనీ షిఫ్టుల ఇళ్ళు, ఆ ఆవేశంలో లేచి నిలబడేది ఎప్పుడూ తల్లులే, ఇంటికొచ్చి రాత్రంతా నిద్రపట్టనిదీ వాళ్ళకే.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఆయనకి చెప్పకుండా మాటిచ్చారు, ముందు ఆయనకి చెప్పండి, ఈ వారమే, పిల్లలు పడుకున్నాక. ఆయన కోప్పడతారు, పడనివ్వండి. దశమ భాగం విషయంలో నా అభిప్రాయం కొంతమందికి నచ్చదు, అయినా చెప్తాను. పదో వంతు మందిరానికి తెమ్మనే మలాకీ 3వ అధ్యాయం 10వ వచనం మీకు కంఠతా వచ్చే ఉంటాది, అలాగే 2 కొరింథీ 9వ అధ్యాయం 7వ వచనం కూడా చూడండి, సణుక్కుంటూ బలవంతంగా ఇవ్వొద్దని, ఉత్సాహంగా ఇచ్చేవాణ్ణే దేవుడు ప్రేమిస్తాడని పౌలు రాశాడు. మీ ఆయన జీతంలోంచి ఆయన ఇష్టం లేకుండా మీరు తీసి ఇచ్చే 2,400 ఆయన కానుక అవ్వదు, ఆయన దృష్టిలో అది ఇంట్లోంచి పోయిన డబ్బు. మీ కుట్టుపని 6,000 లో పదో వంతు 600, అది మీ సంతోషంతో మీరివ్వండి, ఎవరూ అడగరు. ఆయన 24,000 లో ఎంత ఇవ్వాలో ఆయన్నే చెప్పమనండి, 1,000 అంటే 1,000, 500 అంటే 500, మొహం మాడ్చకుండా తీసుకోండి, కవర్లో పెట్టి ఆయన చేతికే ఇచ్చి కానుక సంచిలో వెయ్యమనండి. 1,000 అన్నారనుకుందాం, మొత్తం 1,600 అయ్యింది, 1,400 మిగిలింది, ఆ 900 లోటు పూడి ఇంకా 500 చేతిలో ఉంటాది. బాకీలు తీరాక పెంచుదురు గానీ, తొందర లేదు.

ఇంకో మాట, డ్వాక్రా లోన్ వచ్చినప్పుడు కూడా అందులో పదో వంతు ఇచ్చానని రాశారు. అప్పు ఆదాయం కాదు చెల్లీ, అది వడ్డీతో సహా తిరిగి కట్టాల్సిన వేరేవాళ్ళ డబ్బు. ఇకమీదట అలా ఇవ్వకండి.

అత్తగారి మందుల దగ్గర నేను కొంచెం గట్టిగానే చెప్తాను. బావగారు సగం భరిస్తే మంచిదే, కూర్చుని మాట్లాడుకోండి, పిల్లలందరిదీ ఆ బాధ్యత. కానీ మందిరానికి ఇవ్వడం కోసం ఆ 1,500 వదిలించుకోవాలన్న ఆలోచన ఉంటే మాత్రం మార్కు సువార్త 7వ అధ్యాయం చదవండి, తల్లిదండ్రులకి చెందాల్సింది దేవునికి అర్పితం అని చెప్పేసి వాళ్ళకి ఏమీ చెయ్యకుండా తప్పించుకునేవాళ్ళని యేసు అక్కడ ఎంత తీవ్రంగా మందలించాడో చూడండి. 1 తిమోతి 5వ అధ్యాయంలో పౌలు ఇంకా ఒక అడుగు ముందుకేశాడు, సొంత ఇంటివాళ్ళని చూసుకోనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని. బీపీ మాత్ర కొనడం కూడా భక్తే. అదే మందులు జనరిక్ షాపులో, జన ఔషధిలో దొరుకుతాయేమో డాక్టరు గారిని అడిగి చూడండి, బిల్లు బాగా తగ్గే అవకాశం ఉంది.

పాప హాస్టల్ గురించి. ఏడాదికి 65,000 అంటే నెలకి 5,400 పైన, మీ ఇంటి అద్దెతో సమానం. డబ్బు మాట పక్కన పెట్టినా ఏడేళ్ళ పిల్ల భక్తి నేర్చుకోడానికి తల్లికి దూరంగా వెళ్ళాలా? తిమోతి సంగతి చూడండి, అతని తండ్రి గ్రీసు దేశస్థుడు, అపొస్తలుల కార్యాలు 16లో ఉంది, ఇంట్లో విశ్వాసం నిలబెట్టింది అవ్వ లోయి, తల్లి యునీకే, పౌలు ఆ ఇద్దరి పేర్లూ పెట్టి మరీ రాశాడు. మీ ఇంట్లోనూ ఒక అవ్వ ఉంది, ఒక తల్లి ఉంది, తండ్రి ఇంకా సగం మనసుతో ఉన్నాడు. పొద్దున్న మిషన్ ఎక్కే ముందు ఒక కీర్తన, రాత్రి పడుకునే ముందు అవ్వ పక్కన కూర్చుని ప్రార్థన, దీనికి ఫీజు లేదు. పాత రోజుల్లో సంఘాల్లో తల్లులు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టేవారు, ఆదివారం ఆ బియ్యం మందిరానికి తెచ్చేవారు, మిజోరంలో ఇప్పటికీ ఇంటింటా ఆ పద్ధతి ఉంది. అందులో ఉన్న గొప్పతనం ఏంటంటే ఇచ్చేది ఆ పూట వండుకునే దాంట్లోంచే, ఎవరి దగ్గరో అప్పు తెచ్చి కాదు, పైగా పిల్లలు రోజూ కళ్ళారా చూస్తారు. పాప చేత ఆ పిడికెడు తీయించండి, బాబుకి పది రూపాయలిస్తే తొమ్మిది తనకి ఒకటి కానుక డబ్బాలోకి, ఆ వయసులో నేర్చుకున్నది పోదు. హాస్టల్ మాట ఆరో తరగతికి వచ్చాక చూద్దాం.

ఇన్సూరెన్స్ అవిశ్వాసం అన్నామెకి 2 రాజులు 4వ అధ్యాయం చూపించండి. ప్రవక్తల శిష్యుడొకడు చనిపోయాడు, దేవునికి భయపడినవాడే, ఆ మాట అక్కడ రాసుంది, అయినా అప్పు మిగిల్చి పోయాడు, అప్పులవాడు ఇద్దరు పిల్లల్ని బానిసలుగా తీసుకుపోడానికి వచ్చాడు. ఎలీషా ఆ తల్లికి ఏం చెప్పాడు? నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలిన దాంతో నువ్వూ పిల్లలూ బతకండి. అద్భుతం జరిగింది, ఆ అద్భుతంలోంచి వచ్చిన డబ్బుని కూడా ముందు అప్పుకి, తర్వాత పిల్లల తిండికి అని వరసలో పెట్టాడు ప్రవక్త. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకే జీతం, కెమికల్స్ మధ్య షిఫ్టు డ్యూటీ. కాబట్టి ఇప్పుడే బ్యాంకుకి వెళ్ళి ఇద్దరి పేర్నా ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా తీసుకోండి, ఏడాదికి 436, రెండు లక్షల కవరేజీ, 50 ఏళ్ళ లోపు చేరొచ్చు, దాంతోపాటు సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదానికి రెండు లక్షలు. ఇద్దరికీ కలిపి 912, నెలకి 76 పడింది. ఆయన పీఎఫ్ అకౌంట్లో నామినీ ఎవరో చూడండి, చాలామందికి పెళ్ళికి ముందు పెట్టిన అమ్మ పేరే ఉంటాది, పెళ్ళయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, ఆన్‌లైన్లో మీ పేరూ పిల్లల పేర్లూ పెట్టించండి. సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే పీఎఫ్ వాళ్ళ బీమా కింద ఏడు లక్షల దాకా వస్తాది, చాలామంది ఆడవాళ్ళకి ఈ సంగతే తెలీదు. ఏజెంట్లు తెచ్చే పొదుపూ బీమా కలిపిన పాలసీ మాత్రం వద్దు, ప్రీమియం ఎక్కువ, కవరేజీ తక్కువ. తర్వాత ఆయన పేర్న ప్లెయిన్ టర్మ్ పాలసీ, అంటే పొదుపు కలపని ఒట్టి బీమా, తీసుకుందాం.

మిగిలిన 500 లో పాప పేరున పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరవండి, పదేళ్ళు నిండకముందే తెరవాలి, మీకింకా టైముంది. ఏడాదికి కనీసం 250 కడితే చాలు, మీరు నెలకి 250 వెయ్యండి, వడ్డీ ఇది రాసేనాటికి 8.2 శాతం, మూడు నెలలకోసారి సర్కారు సవరిస్తాది. పదిహేనేళ్ళు కట్టాలి, 18 నిండాక చదువుకి సగం దాకా తీసుకోవచ్చు.

డ్వాక్రా ఏడు నెలల్లో అయిపోద్ది, చీటీ ఎనిమిది నెలల్లో. అప్పటిదాకా కొంచెం బిగపట్టుకోవాలి, ఆ తర్వాత నెలకి 5,200 ఖాళీ అవుద్ది. అందులో 1,500 పోస్టాఫీసు ఆర్‌డీ, టర్మ్ పాలసీకి 1,000 దాకా, సుకన్య 500 కి పెంచడం, మందిరానికి 1,000, దశమ భాగం మీద ఇంకో 1,000 ఆయన ఒప్పుకుంటే. మిగిలిన 450 సరుకుల ధరలకే సరిపోద్ది. చీటీ ఆఖరి దాకా పాడకుండా ఉంచితే వచ్చే 60,000 లో 10,000 మందిరానికి, 50,000 బ్యాంకులో డిపాజిట్, అది ఇంటి రెండు నెలల ఖర్చు, ఉద్యోగం పోయినా జబ్బు చేసినా ముట్టుకోడానికి మాత్రమే. ఆ 10,000, తర్వాత నెలకి 1,000 చొప్పున పదిహేను నెలలు, అక్కడికి 25,000 పూర్తవుతాది. క్రిస్మస్, సంక్రాంతి సీజన్లో జాకెట్లు ఎక్కువొచ్చి 6,000 మించి ఏం మిగిలినా అందులో సగం కూడా మందిరానికి ఇవ్వండి, గడువు ఇంకా ముందే అయిపోద్ది. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు అడగండి, అడిగితే తప్పు కాదు.

చీటీ ఎవరి దగ్గర వేశారో మీరు రాయలేదు. రిజిస్టర్ అయిన చిట్ కంపెనీయా, వీధిలో ఎవరైనా నడుపుతున్నారా? చీటీలకి 1982 చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదు. వీధి చీటీ అయితే ఆఖరి దాకా ఆగొద్దు, కొంచెం తక్కువకైనా వచ్చే రెండు మూడు పాటల్లోనే పాడి తీసేసుకోండి, అప్పుడు 60,000 కాకుండా ఎంత చేతికొస్తాదో దాన్ని బట్టి పైన చెప్పిన లెక్క మార్చి రాస్తాను. పాస్టరు గారితో 25,000 అని మాట్లాడే ముందే ఈ చీటీ సంగతి తేల్చుకుని నాకు రాయండి.