కెఫీన్‌లో చేరిన ఉప్పు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన చిన్న సీసా అందింది. తేయాకు నుంచి కెఫీన్ తీశానని ఎంత సంబరంగా రాశావో, నేనూ అంత సంబరంగానే మూత తీశాను. పొడి తెల్లగా, ముచ్చటగా ఉంది. నీ లెక్క దగ్గరే ఆగిపోయాను. 10 గ్రాముల ఆకు నుంచి 0.6 గ్రాములు వచ్చిందన్నావు. ఎండు తేయాకులో కెఫీన్ సాధారణంగా 2 నుంచి 4 శాతం ఉంటుంది. చుక్క పోకుండా రాబట్టినా 0.4 గ్రాములు దాటకూడదు. అలా రాబట్టడం ఎవరి తరమూ కాదు. మరి ఆ మిగతాది ఏమిటి?

చిటికెడు పొడి గాజు పలక మీద వేసి ఒక చుక్క వెనిగర్ వదిలాను. సన్నని బుడగలు లేచాయి. కెఫీన్ అలా పొంగదు, కార్బొనేట్ పొంగుతుంది. ఇంకో చిటికెడు పాత స్టీలు గరిటె కొసన పెట్టి కిటికీ పక్కన వేడిచేశాను. తెల్లటి పొగ లేచింది, అది కెఫీన్. పొగ ఆగాక కూడా గరిటెకు తెల్లని పెచ్చు అంటుకొని ఉంది. ఎంత కాల్చినా కదలలేదు. నిఖార్సైన కెఫీన్ అయితే ఏమీ మిగలకూడదు.

ఆ పెచ్చు కార్బొనేట్ అనే ఉప్పు. అది ఆకు నుంచి వచ్చింది కాదమ్మా, నువ్వు వేసిందే. డికాక్షన్‌లో సోడియం కార్బొనేట్ వేశావు. సరైన పనే. తేయాకులోని వగరు పదార్థాలైన టానిన్లు సోడియం లవణాలుగా మారి నీటిలో ఉండిపోతాయి, కెఫీన్ ఒక్కటే నీటితో కలవని ఇథైల్ ఎసిటేట్ అనే ద్రావణిలోకి దిగుతుంది. తప్పు ఆ తర్వాత జరిగింది. ఆ రెండు పొరలను విడదీసే వేర్పాటు గరాటును మజ్జిగ చిలికినట్టు ఊపి ఉంటావు. అలా ఊపితే రెండు పొరల మధ్య నురుగు కడుతుంది. ఆ నురుగులో కంటికి కనబడని నీటి బిందువులుంటాయి, వాటిలో కార్బొనేట్ ఉంటుంది. నురుగుతో సహా పై పొరను తీసుకొని ఆవిరి చేస్తే నీరు పోతుంది, ఉప్పు నీకు మిగులుతుంది. ఈసారి డికాక్షన్ పూర్తిగా చల్లారనిచ్చి, గరాటును మెల్లగా పదిసార్లు తలకిందులు చేయి. నురుగు కడితే అరగంట వదిలేయి. అప్పటికీ విడిపోకపోతే ఆ భాగాన్ని వదులుకో. కొంచెం కెఫీన్ పోతుంది, పోనీ.

రెండో దారి, తేమ పీల్చడానికి వేసిన మెగ్నీషియం సల్ఫేట్. అది పిండిలా మెత్తన. వడపోత కాగితం సరిగా మడవకపోతే అంచు నుంచి జారిపోతుంది. వెనిగర్‌కు ఇది పట్టుబడదు, గరిటె పరీక్షకే పట్టుబడుతుంది. అనార్ద్ర (నీరు లేని) సోడియం సల్ఫేట్ రవ్వలా ఉండి అడుగున కూర్చుంటుంది. చేయి తిరిగేదాకా అదే వాడు.

ఇప్పుడు ఉన్న పొడి సంగతి. నీళ్లతో కడిగేస్తానని రాశావు. ఆ పని చేయకు. ఈ తెలివితక్కువ పని నీ వయసులో నేనూ చేశాను. మూడుసార్లు కడిగి, తెల్లగా మెరుస్తోందని మురిసిపోయి, తీరా తూచి చూస్తే సగం కూడా లేదు. పోయినదంతా నేను పారబోసిన నీళ్లలోనే ఉంది. గది వేడిమిలో గ్రాము కెఫీన్ కరగడానికి 46 మిల్లీలీటర్ల నీరు చాలు. 80 డిగ్రీల దగ్గర 5.5 మిల్లీలీటర్లు, మరిగే నీరైతే ఒకటిన్నర చాలు. పది గ్రాములున్నప్పుడు మరిగే నీటిలో కరిగించి, చల్లార్చి, స్ఫటికాలు కట్టించవచ్చు, ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. నీ దగ్గరున్న అర గ్రాముకు అది దండగ.

ఉప్పును కెఫీన్ నుంచి తీయాలని చూడకు, కెఫీన్‌నే ఉప్పు నుంచి లేపుకుపో. ముందు పొడిని పూర్తిగా ఆరబెట్టి, గోరువెచ్చని ఇథైల్ ఎసిటేట్‌లో కరిగించు. కార్బొనేట్, సల్ఫేట్ అందులో కరగవు, అడుగున మసకగా నిలుస్తాయి. వడగట్టి, వేడినీళ్ల గిన్నెలో బీకరు పెట్టి ఆవిరి కానివ్వు. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది, నేల వెంట పాకి దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది. కాబట్టి ఆ గదిలో పొయ్యి గానీ అగ్గిపుల్ల గానీ వెలగకూడదు. కిటికీలు తెరువు, కళ్లద్దాలు తీయకు.

ద్రావణి వాసన పూర్తిగా పోయాక ఉత్పతనం. పింగాణీ గిన్నెలో పొడి పలచగా పరచి, పైన చల్లని నీళ్లు నింపిన గుండ్రటి ఫ్లాస్కు ఆనించి, ఇసుక మీద నిదానంగా వేడిచేయి. 178 డిగ్రీల దగ్గర కెఫీన్ కరగకుండానే ఆవిరై, చల్లని గాజుకు పట్టులాంటి సన్నని సూదులుగా అంటుకుంటుంది. ఉప్పు కదలదు. తొందరపడి 235 డిగ్రీలు దాటిస్తే కరిగి చిట్లుతుంది, ఆ తుంపరలతో ఉప్పు మళ్లీ పైకెక్కుతుంది. సూదులను గీరాక మళ్లీ గరిటె పరీక్ష చేయి. ద్రవీభవన స్థానం సరిగా ఉందని మాత్రం నమ్మకు. ఉప్పు ఆ ద్రవంలో కరగదు కాబట్టి దాన్ని పెద్దగా తగ్గించదు. ఆ పరీక్షతో నేనూ ఒకసారి మోసపోయాను.

పాత ప్రయోగ పుస్తకాలలో టానిన్లను తీయడానికి లెడ్ ఎసిటేట్ వాడమని ఉంటుంది. ఆ పేజీ తిప్పేయి. సోడియం మిగిలితే తూకం తప్పుతుంది, సీసం మిగిలితే ప్రాణానికే ముప్పు.

ఎంత శుభ్రమైనదైనా నాలుక మీద పెట్టకు. ఒక టీస్పూను శుద్ధ కెఫీన్ మనిషిని చంపగలదు. సీసా మీద పేరు, తేదీ, ‘తినరాదు’ అని పెద్దక్షరాలతో రాయి. నువ్వు పంపిన దాని మీద ఏమీ లేదు. మీ అత్తయ్య ఉప్పనుకొని వంటగదిలో పెట్టబోయింది.

కొత్త పొడి తూకం 0.25 గ్రాములకు అటూ ఇటూ వస్తే రాయి. 0.6 వస్తే సీసా పంపకు.

మీ మామయ్య