ఊలా, నూలా? బెజవాడ ఎండల్లో అల్లిక మొదలుపెట్టేవాళ్ళకి నా అనుభవం

మీరు అడిగినవి మూడు. విజయవాడలో ఉంటూ రంగురంగుల ఊలుతో అల్లికలు నేర్చుకోవడం దండగా? రెండు సూదుల నిట్టింగ్ మంచిదా, ఒక్క కొక్కెం సూదితో అల్లే క్రోషియా మంచిదా? ముందుగా ఏం కొనాలి? నేను సత్యనారాయణపురంలో ఉంటాను, ఎనిమిదేళ్ళుగా అల్లుతున్నాను. టీచర్ని కాను. కానీ ఈ ఎనిమిదేళ్ళలో పాడుచేసిన దారం లెక్క చూసుకుంటే నాలుగు మాటలు చెప్పే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

దండగ కాదండీ. కాకపోతే ఊలు పక్కన పెట్టి నూలు పట్టుకోండి.

నేనూ మీలాగే రంగులు చూసి పడిపోయినదాన్నే. ఫోనులో ఎవరో చలిదేశం ఆవిడ, కిటికీ బయట మంచు పడుతుంటే, ఒళ్ళో ఇంత దుప్పటి వేసుకుని తీరిగ్గా అల్లుతోంది. అది చూసి ఉండబట్టలేక ఏప్రిల్ నెలలో పన్నెండు ఉండల ఊలు కొన్నాను, డబుల్ కాట్ దుప్పటి అల్లేద్దామని. దుప్పటితో చిక్కేమిటంటే, అల్లినంత మేరా ఒళ్ళోనే ఉంటుంది. మే నెలలో కరెంటు పోయినప్పుడు అది కుంపటి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టే. అరచేతులు చెమటపట్టి దారం సూది మీద కిర్రుమంటూ ఆగిపోయేది. మా ఆయన విసనకర్ర తెచ్చి విసరబోయి, నవ్వాపుకోలేక లేచి వెళ్ళిపోయారు. ఆ దుప్పటి మూడో వంతు దగ్గర ఆగిపోయి ఇప్పటికీ బీరువా పైన ఉంది.

ఇంకో సంగతి నాకు తర్వాత తెలిసింది. మన కొట్లలో ఊలు అంటే ఎక్కువగా యాక్రిలిక్కే ఇస్తారు, గొర్రెతో దానికి సంబంధం ఉండదు. అనుమానం ఉంటే చిన్న ముక్క కత్తిరించి, పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. అసలైన ఊలైతే వెంట్రుక కాలిన కంపు. యాక్రిలిక్ కరిగి, కొసన గట్టిగా నల్లపూసలా ముద్ద కడుతుంది. యాక్రిలిక్‌ని నేను తిట్టడం లేదు. చవక, రంగులు బోలెడు, ఎండకి తొందరగా వెలిసిపోదు. గుమ్మానికి బంతిపూల తోరణం అల్లాలంటే ఇప్పటికీ అదే వాడతాను. కానీ వేడి ఇస్త్రీపెట్టె తగిలిందా, ఉబ్బుగా ఉన్న అల్లిక కాస్తా అణిగి జారిపోతుంది, మళ్ళీ లేవదు. ఒంటికి తగిలేవి, రోజూ చేత్తో పట్టుకునేవి అయితే మన ఊరికి నూలే.

అసలు ఊలు కూడా ఒకసారి అల్లానులెండి. షికాగోలో ఉన్న మా అక్క కొడుక్కి మఫ్లర్. ఖరీదైన ఊలు తెప్పించి నెల రోజులు కూర్చున్నాను. వాడు దాన్ని జీన్స్ ప్యాంట్లతో కలిపి వాషింగ్ మెషీన్లో వేణ్ణీళ్ళలో పడేశాడు. ఊలు పోగు మీద కంటికి కనపడని పొలుసులు ఉంటాయి. వేడి తగిలి, మెషీన్లో గిరగిరా తిరిగితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగిసిపోతాయి. వీడియో కాల్‌లో చూపించాడు, మూరెడు అట్టముక్కలా ఉంది. "పిన్నీ, దీన్ని ఫ్లాస్కుకి చుట్టుకోవచ్చేమో" అన్నాడు. చుట్టుకున్నాడట కూడా. పరాయి దేశంలో ఉన్న పిల్లలకి అల్లి పంపాలని మీ మనసులో ఉంటే, ఉతకడం ఎలాగో చీటీ రాసి పెట్టండి, లేదా యాక్రిలిక్‌తోనే అల్లండి.

ఇక నిట్టింగా, క్రోషియానా అంటే, నా ఓటు క్రోషియాకి. నిట్టింగ్‌లో వరుసలో ఉన్న కుట్లన్నీ సూది మీదే ప్రాణాలతో ఉంటాయి. ఒక్కటి జారితే మేజోడు పోగు లేచినట్టు కింది దాకా సర్రున దిగిపోతుంది. క్రోషియాలో ఏ క్షణంలోనైనా సూది మీద ఉండేది ఒకటో రెండో ముళ్ళు. పాలు పొంగుతున్నాయా, సూది వదిలేసి పరిగెత్తొచ్చు. సిటీ బస్సులో కుదుపుకి సూది జారినా ఆ ఒక్క ముడీ పట్టుకుంటే చాలు. తప్పు కనబడితే దారం లాగేసి విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. మొదటి ఆర్నెల్లూ నేను అల్లినదానికన్నా విప్పిందే ఎక్కువ. అయితే ఒంటికి సాగే బనీను లాంటి బట్ట కావాలంటే నిట్టింగే. క్రోషియా కాస్త దళసరిగా వస్తుంది, దారం కూడా ఎక్కువే తింటుంది.

నేను అందరిలాగే పడ్డ గోతులు రెండు ఉన్నాయి. మీరూ పడతారు, కానీ లోపల ఏముందో తెలిసి పడటం మేలు.

ఒకటి అంచు. చదరంగా మొదలుపెట్టిన రుమాలు నాలుగు అంగుళాలు పెరిగేసరికి సమోసా అయిపోతుంది. కారణం వరుస చివర ఉంటుంది. డబుల్ అనే పొడుగు కుట్టుతో అల్లే వరుస తిప్పేటప్పుడు మూడు గొలుసు కుట్లు వేస్తాం కదా, మామూలుగా ఆ మూడూ కలిపి ఒక కుట్టు కింద లెక్క. తిరిగి అక్కడికి వచ్చినప్పుడు ఆ గొలుసు నెత్తిన ఒక కుట్టు వేయాలి. అది కుట్టులా కనపడదు, అందుకని వదిలేస్తాం. వరుసకొకటి చొప్పున తరిగిపోతుంది. కాబట్టి మొదట్లో ప్రతి వరుసా లెక్కపెట్టండి, సిగ్గుపడకండి. నేను ఇప్పటికీ పెదాలు కదుపుతూ లెక్కపెడతాను. ఏదో జపం చేసుకుంటున్నానని ఎదురింటి మామ్మగారు అనుకునేవారట.

రెండోది గుండ్రం. సింగిల్ అనే పొట్టి కుట్టుతో అయితే నడిమధ్య 6 కుట్లతో మొదలుపెట్టి వరుసకి 6 చొప్పున పెంచాలి: 6, 12, 18, 24 అలా. డబుల్ అయితే 12తో మొదలు, వరుసకి 12. తక్కువ పెంచితే గిన్నెలా పైకి లేస్తుంది, ఎక్కువ పెంచితే అంచు పరికిణీ కుచ్చిళ్ళలా అలలు తిరుగుతుంది. కాఫీ గ్లాసు కిందకని నేను అల్లిన మొదటి గుండ్రం, చివరికి మా లడ్డూగోపాలుడికి టోపీ అయింది. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. నేను చెప్పిన పేర్లు అమెరికా లెక్క. అమెరికా వాళ్ళు సింగిల్ అన్నదాన్నే ఇంగ్లండు వాళ్ళు డబుల్ అంటారు, అమెరికా డబుల్ ఇంగ్లండులో ట్రెబుల్. వీడియో ఎవరిదో చూసుకోకుండా మొదలుపెడితే అల్లిక మొత్తం పొట్టిగానో పొడుగ్గానో వస్తుంది, ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కుంటాం.

రంగుల దగ్గరికొస్తే, అందరికీ అదే ముందు కావాలి, చివరిదాకా తేలనిదీ అదే. ఉండలుగా పక్కపక్కన ముచ్చటగా ఉన్న ఐదు రంగులు అల్లాక కలగాపులగంగా తేలిపోతాయి. నాకు దారి చూపింది చీరల బీరువా. మంగళగిరి నూలు చీర చూడండి, ఒంటి నిండా ఒకటే రంగు, అంచు దగ్గర మాత్రం గట్టిగా ఇంకొకటి, సన్నగా జరీ. అంటే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి చిటికెడు. మూడూ సమానంగా వేస్తే తిరునాళ్ళ గుడారమే. పెడన కలంకారీ అద్దకం చూసినా అంతే. ఎరుపు, నలుపు, నీలం, ఆవరంగు, ఎన్ని ఉన్నా గజిబిజి అనిపించవు, వెనక ఉన్న లేత రంగు వాటన్నిటినీ పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు ఏదైనా మొదలుపెట్టే ముందు ఉండలన్నీ వరసగా పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీస్తాను. రెండు రంగులు ఒకే బూడిదరంగులా కనపడ్డాయంటే అవి పక్కపక్కన వేస్తే డిజైను కనపడదని అర్థం.

నూలుతో ఒక్క జాగ్రత్త. వన్‌టౌన్‌లో ఒక కొట్లో రంగు పోదని గట్టిగా చెప్పి ఇచ్చిన ఎర్ర దారంతో మీగడ రంగు కలిపి తాంబూలం సంచులు పది అల్లాను. ఒకదాని మీద చట్నీ మరక పడిందని తడిపితే ఎరుపంతా మీగడలోకి దిగింది. ఉప్పునీళ్ళలో నానబెట్టు, ఆగుతుంది అన్నారు. నానబెట్టాను, ఆగలేదు. ఇప్పుడు ఏ ముదురు రంగు కొన్నా ముందు జానెడు ముక్క తడిపి తెల్లటి గుడ్డలో నలిపి చూస్తాను. అలాగే లేబుల్ మీద రంగు నంబరుతో పాటు లాటు నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు కూడా ఉంటుంది. ఒకే లాటువి, ఒక ఉండ ఎక్కువే కొనండి. చాలక పదిరోజుల తర్వాత వెళ్తే అదే రంగు నంబరు ఇస్తారు, కానీ లాటు వేరేది. ఇంటికొచ్చి అల్లాక మధ్యలో చారలా తేలుతుంది.

మా అమ్మ సంగతి చెప్పకుండా ఇది రాయలేను. మా అమ్మది పాలకొల్లు దగ్గర పల్లె. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళకి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. మా అమ్మ పెళ్ళికి ముందు నుంచీ ఆ పనిలో ఉంది. ఏజెంటు దారం కట్టలు తెచ్చి ఇచ్చేవాడు, అల్లాక లెక్కకట్టి డబ్బులిచ్చేవాడు. ఆవిడ చేతికొచ్చిందంతా తెల్ల దారం, లేదంటే మీగడ రంగు, గుర్రపు వెంట్రుకంత సన్నం. ఆవిడ అల్లినవి ఏ దేశంలో ఎవరి భోజనాల బల్ల మీద ఉన్నాయో ఆవిడకి తెలియదు. మా ఇంట్లో టీవీ మీదకి మాత్రం ఒక్క గుడ్డా అల్లుకోలేదు.

నేను రంగుల దారం ముందేసుకుని కూర్చున్న కొత్తలో అడిగింది: "ఇదంతా అల్లితే నీకెంత ఇస్తారే?"

"ఎవరూ ఏమీ ఇవ్వరమ్మా, ఊరికే, సరదాకి."

"సరదాకి ఎవరైనా కళ్ళు పోగొట్టుకుంటారా?" అని అటు తిరిగి పడుకుంది.

ఆ మాట చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది. నిట్టింగ్‌కి యంత్రం 1589లోనే ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన కనిపెట్టాడు. క్రోషియాని చేత్తో అల్లినట్టే అల్లే యంత్రం మాత్రం ఇప్పటికీ మార్కెట్లోకి రాలేదు. కాబట్టి మాల్‌లో నాలుగొందలకి వేలాడుతున్న క్రోషియా టాప్ చూసినప్పుడల్లా, అది ఎవరి చేయో, ఆవిడకి ఎంత ముట్టిందో అని లెక్క వేస్తాను. మీకూ కొన్నాళ్ళకి పక్కింటివాళ్ళు "నాకూ ఒకటి అల్లిపెట్టవా, దారం డబ్బులిస్తాను" అంటారు. దారం డబ్బులకి ఒప్పుకోకండి. ఇష్టమైన వాళ్ళకి ఊరికే ఇవ్వండి, అమ్మదలిస్తే పనికి కట్టి అమ్మండి. ఈ విషయంలో నేను కాస్త కటువుగానే ఉంటాను, మొహమాటపడి చేతులు కాల్చుకున్నదాన్ని కనుక.

అమ్మకి ఇప్పుడు డెబ్బై దాటాయి, రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. నిరుడు సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్ల మీదకి పసుపు, చిలకాకుపచ్చ రంగుల్లో లేసు అంచు అల్లుతుంటే పక్కన కూర్చుని చూసింది, చూసి ఉండలేక లాక్కుంది. "ఇదేం దారమే, మోకులా ఉంది" అంటూనే సీరియల్ వైపు చూస్తూ నేను గంటలో అల్లేది పావుగంటలో అల్లేసింది. నా కుట్లకీ ఆవిడ కుట్లకీ తేడా ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. మర్నాడు పొద్దున్నే అడిగింది, "ఆ ఎర్రమందారం రంగుది ఇంకో ఉండ ఉందా?" అని. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ మీద, మంచినీళ్ళ సీసాకి, నా కళ్ళజోడుకి, ఆఖరికి గ్యాస్ లైటర్‌కి కూడా తొడుగు ఉంది. తెల్లది ఒక్కటి కూడా లేదు.

ఏం కొనాలంటారా. 4 మిల్లీమీటర్ల సూది ఒకటి, లావుపాటి నూలు దారం ఉండలు రెండు, మొద్దుమొన ఉన్న పెద్ద కుట్టుసూది ఒకటి. సూది పిడి మీద రబ్బరు ఉన్నది తీసుకుంటే చెమటకి జారదు. మొదటిరోజు నా ఖర్చు మూడొందలు దాటలేదు, మీకు కొంచెం ఎక్కువ అవుతుందేమో. సెట్టు పేరుతో పన్నెండు సూదుల డబ్బా కొనకండి, అందులో పది తుప్పు పట్టడానికే. మొదటి ఉండ లేతరంగుది తీసుకోండి. నలుపు, ముదురు నీలం అయితే ట్యూబులైటు కింద కుట్టు ఎక్కడుందో కనపడదు. రోజూ అరగంట కూర్చుంటే మూడు వారాల్లో చేయి తిరుగుతుంది. మణికట్టు లాగితే ఆ రోజుకి ఆపేయండి.

బీసెంట్ రోడ్డులోనైనా వన్‌టౌన్‌లోనైనా జాకెట్టు లేసులు, పూసలు అమ్మే కొట్లలో అడగండి. లేసు సూది కావాలి అని మాత్రం అనకండి, మా అమ్మ వాడినటువంటి ఒక మిల్లీమీటరుది చేతిలో పెడతారు. క్రోషియా సూది, నాలుగు ఎం.ఎం. అని అడిగి, పిడి మీద 4.0 అని ఉందో లేదో అక్కడే చూసుకోండి.