బీఆర్క్ చదివే తమ్ముడికి 3డీ ప్రింటర్ కొనివ్వాలా?

మీ తమ్ముడు విజయవాడలో బీఆర్క్ రెండో ఏడాది, కొత్త మెటీరియల్స్, డిజిటల్ ఫ్యాబ్రికేషన్ (కంప్యూటర్‌లో గీసినదాన్ని మెషిన్‌తో వస్తువుగా చేయడం) ఇప్పుడే పట్టుకోకపోతే వెనకబడిపోతానని 30 వేల రూపాయల 3డీ ప్రింటర్ అడుగుతున్నాడు, కొనివ్వాలా వద్దా అని కదా మీరడిగింది. ఇప్పుడే వద్దండి. అందులో పదో వంతు అతని చేతికిచ్చి, మెటీరియల్స్ కొని పాడు చేసుకుని రమ్మనండి. ఎందుకలా అంటున్నానో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను ఈ ఊళ్లోనే చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతున్నాను. వారంలో రెండు రోజులు ఒక కాలేజీలో స్టూడియో క్లాసు తీసుకుంటాను. నేను చదివేటప్పుడు మా కాలేజీలో ఒక లేజర్ కటింగ్ మెషిన్ ఉండేది. ఏసీ గది, మెషిన్ మీద గుడ్డ, తలుపుకి తాళం. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చిన రోజు గుడ్డ తీసేవారు. ఐదేళ్లలో దాని మీద నేను కోసిన ముక్క ఒక్కటీ లేదు. కాబట్టి మీ తమ్ముడి ఆత్రం నాకు అర్థం అవుతుంది. మెషిన్ మన గదిలో ఉంటే ఎవరినీ తాళం అడగక్కర్లేదు. అక్కడిదాకా అతనన్నది సబబే.

ఇక నా అనుభవం. థీసిస్ ఏడాది బయట డబ్బులిచ్చి గాలి వెలుతురు వచ్చేలా చిల్లులుండే ఒక జాలీ గోడ మోడల్ 3డీ ప్రింట్ చేయించుకున్నాను. మే నెల, పరీక్షకుల ముందు డిజైన్ చూపించాల్సిన జ్యూరీ రోజు. స్నేహితుడి కారు వెనక సీట్లో పెట్టి, బెంజ్ సర్కిల్ దగ్గర టిఫిన్ చేసి వచ్చాం. కారు నీడలో లేదు. తిరిగొచ్చేసరికి నా జాలీ గోడ నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరిగి ఉంది. సాధారణంగా ఈ ప్రింటర్లలో వాడే ప్లాస్టిక్ పేరు పీఎల్ఏ. మొక్కజొన్న లాంటి వాటి పిండిపదార్థం నుంచి చేస్తారు. ప్రింటర్ దాన్ని 200 డిగ్రీల దగ్గర కరిగిస్తుంది గానీ, 60 డిగ్రీల దగ్గరే అది మెత్తబడటం మొదలెడుతుంది. బెజవాడ మే ఎండలో మూసిన కారు లోపల ఆ వేడి రావడం ఎంతసేపు? పీఈటీజీ అనే ప్లాస్టిక్ అయితే ఇంకో 20 డిగ్రీలు ఓర్చుకునేది, ఏబీఎస్ అనేది ఇంకా పైకి. ఆ మాట ప్రింట్ చేసినవాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగాలని కూడా తెలియదు. ఫైలు ఉంటే వస్తువు వచ్చేసినట్టే అనుకునే వయసు అది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లల్ని మొదటి వారం కంప్యూటర్ ముట్టుకోనివ్వను. జంతికల గొట్టం తెమ్మంటాను. నవ్వకండి. కాంక్రీట్ ఇల్లు ప్రింట్ చేసే పెద్ద మెషిన్‌కీ దానికీ సూత్రం ఒక్కటే, మెత్తటి ముద్దని గొట్టంలోంచి వరస మీద వరసగా ఒత్తడం. మద్రాస్ ఐఐటీలో పుట్టిన త్వస్త అనే కంపెనీ 2021లో ఆ ప్రాంగణంలోనే 600 చదరపు అడుగుల ఇల్లు ప్రింట్ చేసింది. 2023లో ఎల్ అండ్ టీ వాళ్లు బెంగళూరులో 1,021 చదరపు అడుగుల పోస్టాఫీసును అలాగే కట్టారు. వీడియోలు చూసి అందరూ రోబో చేతిని చూస్తారు. అసలు కష్టం ఆ చేతిలో లేదు, పిండిలో ఉంది. గొట్టంలో ఉన్నంతసేపూ అది జారుతూ రావాలి. బయట పడగానే నిలబడాలి, నిమిషాల్లో దాని మీద పడే పై వరస బరువు మోయాలి. అలాగని మరీ తొందరగా గట్టిపడితే కింది వరసకీ పై వరసకీ అతుకు కుదరదు, అక్కడే గోడ బలహీనం. నీళ్లు కొంచెం ఎక్కువైతే జంతిక గరిటె మీద పరుచుకుపోతుందా లేదా? తక్కువైతే గొట్టంలోంచి తునిగి తునిగి వస్తుంది. మా అమ్మకి నలభై ఏళ్లుగా తెలిసిన సంగతే ఇది.

పిల్లలు బంకమట్టి, బూడిద, సున్నం రకరకాల పాళ్లలో కలిపి గొట్టంలో వేసి ఒత్తుతారు. గుండ్రంగా వరస మీద వరస వేసుకుంటూ పోయి ఏ వరస దగ్గర కూలిందో రాసుకుంటారు. మొదటిరోజు అయిదారు వరసలకే కుప్పకూలుతుంది. వారం చివరికి ఎవరో ఒకరు ఇరవై దాటిస్తారు. పొట్టు కలిపినవాళ్లు, ఇసుక జల్లించినవాళ్లు, మధ్యలో పది నిమిషాలు ఆగి మళ్లీ ఒత్తినవాళ్లు గెలుస్తుంటారు. ఎందుకు నిలబడిందో మాటల్లో చెప్పగలిగినవాడికి ఆ తర్వాత ఏ ప్రింటర్ ఇచ్చినా భయం లేదు.

బూడిద అన్నాను కదా, దాని దగ్గర కాసేపు ఆగాలి. కొత్త మెటీరియల్స్ అనగానే పిల్లలు యూరప్ వెబ్‌సైట్లు తెరుస్తారు. మనకి ఆ బూడిద కొండపల్లి పక్కనే, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాల కింద గుట్టలుగా ఉంది. బొగ్గు మండాక మిగిలే సన్నటి బూడిదలో సిలికా ఉంటుంది. అది సున్నంతో, నీళ్లతో నెమ్మదిగా కలిసి సిమెంటు లాంటి బంకగా మారుతుంది. బట్టీ అక్కర్లేదు, నిప్పు అక్కర్లేదు, రోజుల తరబడి తడి కావాలి. బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుకలు పోసే ఫాల్-జీ పద్ధతిని అభివృద్ధి చేసింది విశాఖపట్నం వాళ్లే, భానుమతీదాస్, కాళిదాస్. బూడిద వాడాలని కేంద్రం 1999లో నిబంధన తెచ్చినప్పుడు థర్మల్ స్టేషన్ చుట్టూ 50 కిలోమీటర్ల వరకే. 2003లో 100, 2016లో 300 చేశారు. అందుకే ఇవాళ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎటు వెళ్లినా ఆ బూడిదరంగు ఇటుకలే.

వాటితోనూ నేను దెబ్బ తిన్నాను. తాడేపల్లిలో ఒక ఇంటికి పని తొందరలో పోసి పది రోజులైనా కాని ఇటుకలు దింపించాను. గోడ కట్టాక అవి ఆరుతూ ముడుచుకున్నాయి. ప్లాస్టరింగ్ అయిన రెండు నెలలకి గోడంతా వెంట్రుక మందాన పగుళ్లు. ఇంటాయన మంచివాడు కాబట్టి సరిపోయింది. తప్పు ఇటుకది కాదు, నాది.

మా క్లాసులో జరిగిన గోడ కథ కూడా చెప్పాలి. ఒక ఏడాది మూడో సంవత్సరం పిల్లలు స్విట్జర్లాండ్‌లోని గాంటెన్‌బైన్ అనే వైన్ తయారీ కట్టడం ఫొటోలు తెచ్చారు. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీకి చెందిన గ్రమాజియో, కోలర్ బృందం 2006లో దాని గోడలను రోబోతో పేర్పించింది. ఒక్కో ఇటుకా ఒక్కో కోణంలో తిరిగి ఉండటంతో దూరం నుంచి చూస్తే గోడలో ద్రాక్షపళ్లు పోసినట్టు కనిపిస్తుంది. మనమూ చేద్దాం సార్ అన్నారు. రోబో లేదు. బూడిద ఇటుకలున్నాయి, ఒక తాపీ మేస్త్రీ ఉన్నారు.

గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 16 వరసలు, వరసకి ఏడు చొప్పున 112 ఇటుకలకీ కోణాలు లెక్కగట్టారు. తెర మీద బ్రహ్మాండంగా ఉంది. మేస్త్రీ గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో మాలు ఎక్కడుంది బాబూ?" అన్నారు. నిజమే. మధ్యలో వేసే సిమెంటు మాలు లేకుండా ఇటుక మీద ఇటుక నేరుగా కూర్చున్నట్టు గీశారు. 75 మిల్లీమీటర్ల ఇటుకకి వరస వరసకీ 10 మిల్లీమీటర్ల మాలు కలిపితే నాలుగడుగులు అనుకున్న గోడ నాలుగున్నర అడుగులైంది. పైన పెట్టాల్సిన చట్రం మళ్లీ చేయించాం.

కోణాలు చూపించడానికి వరసకో అట్ట లేజర్‌లో కోయిద్దామని పిల్లల ఆలోచన. పదహారు అట్టలు, బోలెడు ఖర్చు. మేస్త్రీ గారే దారి చూపారు. ఒకే బద్దకి రెండంచులా గాడులు పెట్టిస్తే తిప్పి, బోర్లించి నాలుగు వరసలకి వాడొచ్చన్నారు. పిల్లలు నమూనా కొద్దిగా మార్చి, నాలుగేసి వరసల కోణాలు ఒక్కో బద్దలో ఇమిడేలా చేశారు. నాలుగు బద్దలతో పని అయిపోయింది. ఇటుకలు కూడా లెక్కప్రకారం ఒక్క సైజులో ఉండవు కదా, రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఆ తేడాని రోబో అయితే పైకి మోసుకుంటూ పోయేది. ఆయన దారం లాగి, రసమట్టం పెట్టి, ఏ వరస తేడా ఆ వరస మాలులోనే మింగించేశారు. డిజిటల్ ఫ్యాబ్రికేషన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ నాలుగు బద్దలే. ఇప్పటికీ నా టేబుల్ వెనక ఉన్నాయి.

అన్నీ కుదురుతాయని కాదు. 2014లో న్యూయార్క్‌లో దాదాపు పదివేల ఇటుకలు పుట్టగొడుగు వేళ్లలాంటి మైసీలియంతో పెంచి ఒక బురుజు కట్టారు. అది చూసి మేం వరిగడ్డి ఉడకబెట్టి, ముత్యపు పుట్టగొడుగు విత్తనం కలిపి అచ్చుల్లో పెట్టాం. ఆగస్టు ఉక్కలో తెల్లటి బూజు బదులు పచ్చటి బూజు వచ్చింది. వాసనకి పక్క క్లాసువాళ్లు గొడవ చేశారు. ఇంకో బ్యాచ్ తుళ్లూరు వైపు నుంచి నల్లరేగడి తెచ్చి సిమెంటు కలిపి మట్టి ఇటుకలు ఒత్తింది. ఆరేసరికి చెరువు ఎండినట్టు నెర్రెలిచ్చాయి. రేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. దానికి సిమెంటు కన్నా సున్నం నయం, మనకి పిడుగురాళ్ల దగ్గరే. సిమెంటుతో పని జరగాలంటే మంగళగిరి వైపు దొరికే ఎర్ర గ్రావెల్ లాంటి మట్టి కావాలి. పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ వాళ్లు ఒత్తే మట్టి ఇటుకల్లో సిమెంటు సుమారు 5 శాతమే. గాజు సీసాలో మట్టీ నీళ్లూ వేసి బాగా ఊపి ఒక రాత్రి వదిలేస్తే ఇసుక ఎంత, బంక ఎంత అని వరసలుగా కనిపిస్తుంది. ఆ పరీక్ష ముందే చేసుంటే రెండు బస్తాల సిమెంటు మిగిలేది.

కొత్త అంటే మెషినే అనుకునేవాళ్లని కొండపల్లికి కూడా పంపిస్తాను. తెల్లపొణికి కర్రతో ఒక్కో భాగం విడిగా చెక్కి, అతికించి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో సందులు పూడుస్తారు. ఏది కోసి తీసేయాలి, ఏది అద్ది పెంచాలి అన్న లెక్క ఆ బొమ్మలో ఉన్నంత తేటగా ఏ పాఠంలోనూ చూడలేదు. సరే, ఇది నా చాదస్తం.

ఇక మీ తమ్ముడి సంగతి. ఊళ్లో నేమ్ బోర్డులు, పెళ్లి కార్డులు కోసే లేజర్ షాపులున్నాయి. ఆటోనగర్‌లో ఇనుపరేకు కోసే, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషిన్లున్నాయి. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి మర్యాదగా అడిగితే పిల్లల పని చేసిపెడతారు, పక్కన నిలబడి చూడనిస్తారు కూడా. నేను మొదటిసారి 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపొడి ఒత్తి చేసే షీట్) అనుకుని గాడులు గీసి తీసుకెళ్తే, ఆపరేటర్ కుర్రాడు షీట్ కొలిచి 2.7 ఉందని చూపించాడు. పైగా లేజర్ తన వంతుగా ఓ వెంట్రుకవాసి కాల్చేస్తుంది. ముక్కలన్నీ వదులైపోయి ఫెవికాల్‌తో బతికాను. ఇప్పుడు ఏ షీటైనా కొలిచాకే గీస్తాను, ముందు ఒక చిన్న ముక్క కోయించి బిగుతు చూసుకుంటాను.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టనక్కర్లేదు. బ్లెండర్, ఫ్రీక్యాడ్ ఉచితం. గ్రాస్‌హాపర్ రైనో అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోనే వస్తుంది, రైనోని 90 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. ఆ 90 రోజులు ఎప్పుడు మొదలెట్టాలో మాత్రం ఆలోచించుకుని మొదలెట్టమనండి, మా వాళ్లు సగంమంది పరీక్షల ముందు ఇన్‌స్టాల్ చేసి పోగొట్టుకున్నారు.

నాలుగో ఏడాదికి కూడా ప్రింటర్ కావాలనే అంటే, అప్పుడు ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి కొనుక్కోమనండి. ఒక్కడి దగ్గరుంటే నెలకి రెండుసార్లు తిరుగుతుంది, మిగతా రోజులు దుమ్ము తింటుంది. ఈలోగా షీట్ మందం కొలిచే ఒక వెర్నియర్ కాలిపర్స్, ఒక గాజు సీసా, ఒక జంతికల గొట్టం కొనివ్వండి. గొట్టం మాత్రం కొత్తదే కొనండి. నేను మా ఇంట్లోది తీసుకెళ్లి సున్నం వేశాను, అమ్మ దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.