సూరత్కల్‌లో మెకానికల్, రూర్కెలాలో ఈసీఈ: ఆప్షన్లలో ఏది పైన పెట్టాలి?

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్నిబట్టి మీది రాజమండ్రి, ఐఐటీ, ఎన్ఐటీల్లో సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకుంటున్నావు. పోయినేడాది కటాఫ్‌లు చూస్తే నీ ర్యాంకుకి కర్ణాటకలోని సూరత్కల్ ఎన్ఐటీలో మెకానికల్, ఒడిశాలోని రూర్కెలా ఎన్ఐటీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) రెండూ అందేలా ఉన్నాయి. నాన్నగారేమో సూరత్కల్ అంటున్నారు, నీకు తేలడం లేదు. నేను రూర్కెలాలో ఎలక్ట్రికల్ చదివాను, మా చెల్లి సూరత్కల్‌లో సివిల్ చేసింది. మా ఇంట్లో ఈ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి రెండు వైపుల సంగతీ కాస్త తెలుసు.

నా ఓటు రూర్కెలా ఈసీఈకే. అయితే దానికి ఒక మినహాయింపు ఉంది, కింద చెప్తాను.

ముందు కాలేజీ పేరు సంగతి. సూరత్కల్ 1960లో, రూర్కెలా 1961లో ఆర్ఈసీలుగా, అంటే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీలుగా మొదలయ్యాయి. 2002లో రెండూ ఎన్ఐటీలయ్యాయి. కాలేజీలకి కేంద్రం ఇచ్చే ర్యాంకులు, అదే 2024 ఎన్ఐఆర్ఎఫ్ ఇంజినీరింగ్ జాబితాలో సూరత్కల్‌ది 17వ స్థానం, రూర్కెలాది 19. ఈ తేడాని ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ పట్టించుకోరు. మన చుట్టాల్లో సూరత్కల్ పేరు ఎక్కువ వినిపిస్తుందంటే బెంగళూరు ఉన్న రాష్ట్రంలో ఉండటం వల్లేనని నా అనుమానం. డబ్బు దగ్గర కూడా పెద్ద తేడా లేదు. ఎన్ఐటీలన్నిటిలోనూ ట్యూషన్ ఫీజు సెమిస్టర్‌కి 62,500. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే అది మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. హాస్టలు, మెస్సు ఖర్చుల్లో కొంచెం అటూఇటూ ఉండొచ్చు, అంతే.

కాబట్టి అసలు తేడా బ్రాంచ్ దగ్గరే. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో కొన్ని అన్ని బ్రాంచ్‌లనీ రానిస్తాయి. కొన్ని మాత్రం సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), ఈసీఈ, ఎలక్ట్రికల్ అని గీత గీసి కూర్చుంటాయి. స్టూడెంట్ల భాషలో వీటిని సర్క్యూటల్ బ్రాంచ్‌లంటారు. నేను ఎలక్ట్రికల్ కాబట్టి ఆ గీతకి లోపలే ఉన్నాను. నా పక్క గదిలో బొబ్బిలి నుంచి వచ్చిన మెకానికల్ కుర్రాడు ఉండేవాడు. కోడింగ్‌లో నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. కొన్ని కంపెనీల ప్రకటన రాగానే 'ఎవరు అర్హులు' అన్న చోట చూసి లాప్‌టాప్ మూసేసేవాడు. ఆ బాధ సూరత్కల్‌లో మా చెల్లికీ తెలుసు. ఇది కాలేజీ తప్పు కాదు, కంపెనీల పద్ధతి. ఈసీఈ వాడికి సాఫ్ట్‌వేర్ తలుపూ తెరిచే ఉంటుంది, చిప్ డిజైన్ తలుపూ తెరిచే ఉంటుంది. ఆ చిప్ డిజైన్ ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది బెంగళూరు, హైదరాబాదుల్లోనే.

ఇప్పుడు ఆ మినహాయింపు. మెకానికల్ చిన్న బ్రాంచ్ అని నేను అనడం లేదు. ఇంజినీరింగ్ తర్వాత గేట్ పరీక్ష రాసి పీఎస్‌యూలకి (ప్రభుత్వ రంగ సంస్థలకి) వెళ్లాలనుకునేవాళ్లకి ఈసీఈ కంటే మెకానికల్‌కే దారులు ఎక్కువ, ఎన్‌టీపీసీ లాంటి చోట్ల. ఆ బొబ్బిలి కుర్రాడు చివరికి అలాగే వెళ్లాడు, హాయిగా ఉన్నాడు. నీకు నిజంగా ఇంజిన్లు, మెషీన్లు అంటే ఇష్టమైతే సూరత్కలే పైన పెట్టు, నేను అడ్డు చెప్పను. ఇష్టమో కాదో తెలియదంటావా? ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఫ్రీగా ఉన్నాయి. మెకానికల్‌కి థర్మోడైనమిక్స్‌వి కొన్ని, ఈసీఈకి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌వి కొన్ని చూడు. అర్థం కావడం ముఖ్యం కాదు, ఏది చూస్తుంటే నిద్ర రాలేదో గమనించు. ఈసీఈ నిండా లెక్కలే. ఇంటర్‌లో మ్యాథ్స్‌ని మార్కుల కోసమే భరించినవాడికి అది కష్టం. 'ముందు చేరి తర్వాత బ్రాంచ్ మార్చుకుందాం' అన్న ఆలోచన మాత్రం వద్దు. మొదటి ఏడాది మార్కులతో బ్రాంచ్ మారే అవకాశం కొద్దిమందికే దక్కుతుంది.

ప్లేస్‌మెంట్ లెక్కలు చూసేటప్పుడు హైయెస్ట్ ప్యాకేజీని వదిలేయ్. అది ఒక్కడికి వచ్చేది. బ్రాంచ్‌ల వారీగా మీడియన్ (వరుసలో సరిగ్గా మధ్యవాడికి వచ్చిన ప్యాకేజీ) ఎంత, ఎంతమంది పేరిస్తే ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఈ రెండే చూడు. సైట్‌లో దొరక్కపోతే లింక్డిన్‌లో ఆ బ్రాంచ్ మూడో ఏడాది తెలుగువాణ్ని పట్టుకో. అడిగితే గంటసేపు చెప్తారు మనవాళ్లు.

ఇక ప్రయాణం. రాజమండ్రి వాడివి కాబట్టి రూర్కెలాకి నీకు బొకారో ఎక్స్‌ప్రెస్ ఉంది, అదే అలెప్పీ-ధన్‌బాద్. మీ ఊళ్లో ఎక్కి విజయనగరం, రాయగడ, సంబల్‌పూర్ మీదుగా వెళ్లి దిగడమే, మారే పని లేదు. సూరత్కల్‌కి మా చెల్లి ముందు బెంగళూరు వెళ్లి, అక్కణ్ణుంచి రాత్రి బస్సులో ఘాట్ దిగి వెళ్లేది. వానాకాలంలో శిరాడి ఘాట్‌లో కొండచరియలు పడితే ఆ దారి మూసేస్తారు. మంగళూరుకి రైలుంది కానీ చుట్టుతిరుగుడు. నాలుగేళ్లు ఇంటికి వచ్చిపోవాల్సినవాడికి ఇది చిన్న విషయం కాదు. అయినా సంక్రాంతికి ఇంటికి రావడం గురించి ఎక్కడ చేరినా పెద్దగా ఆశలు పెట్టుకోకు. అప్పుడే కొత్త సెమిస్టర్ మొదలవుతుంది.

వాతావరణం రెండు చోట్లా పరీక్షే. రూర్కెలాలో ఎండాకాలం మంట, డిసెంబరులో చలి. సూరత్కల్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. బట్టలు ఆరవు, బూట్లకి బూజు పడుతుంది. క్యాంపస్ పక్కనే సముద్రం అని ఊరిస్తారు కానీ వానల్లో అందులో దిగనివ్వరు. తిండి సంగతికొస్తే సూరత్కల్‌లో బయట ఉప్పుడు బియ్యం అన్నం, నీర్ దోసె, రూర్కెలాలో దాల్మా (కూరగాయలు వేసిన పప్పు), ఆలూ కూర. పచ్చడి డబ్బా ఎటైనా తప్పదు. రూర్కెలాలో స్టీల్ ప్లాంట్ వల్ల ఏనాడో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లున్నారు, పైగా హిందీ బాగా వచ్చేస్తుంది.

చివరగా ఆప్షన్ల సంగతి. కటాఫ్ చూసి కాదు, నీకు ఇష్టమైన వరుసలోనే పెట్టు. అందని సీటు పైన పెట్టినా నష్టం లేదు, కింద ఉన్నవి ఎక్కడికీ పోవు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. సూరత్కల్ పైన పెట్టి, మొదటి రౌండులో రూర్కెలా వస్తే ఫ్లోట్ (ఈ సీటు ఉంచుకుని, పైన పెట్టినదాని కోసం ఎదురుచూడటం) కొట్టావనుకో. తర్వాతి రౌండులో సూరత్కల్ వచ్చిందంటే రూర్కెలా సీటు దానంతటదే పోతుంది, మళ్లీ అడగడానికి ఉండదు. ఓబీసీ లేదా ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాలు) కోటా కింద వెళ్తుంటే సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో, ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. రాష్ట్రం ఫార్మాట్‌ది పెడితే వెరిఫికేషన్‌లో ఆపేస్తారు. నీ దగ్గర లేకపోతే రేపే సచివాలయానికి వెళ్లి అప్లై చెయ్, తహసీల్దారు సంతకం పడేసరికి టైం పడుతుంది.