నోటితో చెప్పగలిగి రాయలేకపోతే తెలివి తక్కువని కాదు

ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య) ఉన్న మీ ఎనిమిదేళ్ల బాబు జవాబులు నోటితో చక్కగా చెప్తాడు, రాయమంటే రెండు లైన్లకే ఆగిపోతాడు, మూడు పనులు చెబితే ఒకటే చేస్తాడు, తెలివి తక్కువేమో అని టీచర్ అన్నారు అని రాశారు. ఆ మాట పట్టించుకుని టెన్షన్ పడకండి. మీరు చెప్పినవాటిలో అలాంటిదేమీ నాకు కనిపించలేదండీ.

విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకుని వాడుకోవడాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. ఏడీహెచ్‌డీ ఉన్న చాలామంది పిల్లల్లో అది బలహీనంగా ఉంటుంది. అందుకే మూడు పనుల్లో రెండు జారిపోతాయి. ఒక్కో పనే చెప్పండి, లేదా బొమ్మలతో వరుసగా రాసి గోడకు అంటించండి.

రాత సంగతి వేరుగా చూడాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో దాదాపు సగం మందికి కదలికల సమన్వయ లోపం, అంటే డీసీడీ కూడా ఉంటుంది. బొత్తాలు పెట్టుకోవడం, బంతి పట్టుకోవడం కూడా కష్టమైతే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి (రాయడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పే నిపుణులు) తప్పకుండా చూపించండి. అక్షరం గీయడానికే శ్రద్ధంతా ఖర్చయితే ఆలోచనకు ఏం మిగులుతుంది? ముందు వాడు నోటితో చెప్పాలి, మీరు ముఖ్యమైన మాటలు రాసిపెట్టాలి, ఆ తర్వాత వాడు రాయాలి. స్కూల్లో అదనపు సమయం, కొన్ని జవాబులు నోటితో చెప్పే వీలు అడగండి.

జ్ఞాపకశక్తి పెంచుతామనే కంప్యూటర్ ఆటలకు డబ్బు పెట్టకండి. ఆటలో స్కోరు పెరుగుతుంది, చదువులో మార్పు పెద్దగా రాదు.

ఐక్యూ పరీక్ష చేయిస్తే మొత్తం అంకె ఒక్కటే తీసుకోకుండా విభాగాలవారీ స్కోర్లు అడగండి. వెక్స్‌లర్ అనే ఐక్యూ పరీక్షలో వేగాన్ని కొలిచే భాగం పెన్సిల్‌తో చేయాలి. చెయ్యి నెమ్మదైతే మొత్తం స్కోరు కూడా తగ్గుతుంది.