కాలు బెణికితే రెండు రకాల నొప్పి మాత్రలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నాకు 54 ఏళ్లు. నడుము, మోకాళ్ల నొప్పులు చాలా ఏళ్లుగా ఉన్నాయి. రోజూ రాత్రి ఎసిక్లోఫెనాక్ వేసుకుంటేనే నిద్ర పడుతుంది. బీపీ మందులూ వాడుతున్నాను. వారం కిందట మెట్లు దిగుతుంటే ఎడమ కాలు మడతపడింది. పాతపట్నం మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారు. రెండూ వేసుకుంటున్నా వాపు తగ్గలేదు, పాత నొప్పులు కూడా పెరిగాయి. వేడి కాపడం పెట్టాలా, ఐస్ పెట్టాలా?

సమాధానం: కాపడం సంగతి తర్వాత. ముందు ఆ డైక్లోఫెనాక్ ఆపేయండి. అదీ, మీరు రాత్రి వేసుకునే ఎసిక్లోఫెనాక్ ఒకే జాతి మందులు. ఐబుప్రొఫెన్ కూడా అంతే. రెండూ కలిపితే నొప్పి అదనంగా తగ్గేదేమీ ఉండదు. కడుపులో పుండ్లు, రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం మాత్రం పెరుగుతాయి. వీటివల్ల బీపీ కూడా పెరగొచ్చు. మీ బీపీ మందుల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి ఉండి, వాటితో పాటు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర కూడా ఉంటే కిడ్నీల మీద ఇంకా భారం. అలాగని బీపీ మాత్రలు మీ అంతట మీరు మానేయకండి.

మీకు దగ్గర్లోనే ఉద్దానం ఉంది. అక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఇంకా తేలలేదు, నొప్పి మాత్రలే కారణమని నేను అనడం లేదు. కానీ డయాలసిస్ అంటే ఏమిటో ఇంటింటికీ తెలిసిన ప్రాంతం పక్కనే ఉంటూ, క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) చేయించకుండా ఏళ్ల తరబడి రోజూ ఈ మాత్ర వేసుకోవడం ఏంటమ్మా? షాపతను అడక్కపోయినా, ఇప్పటికే ఒకటి వాడుతున్నానని మీరైనా చెప్పాల్సింది.

ఇక కాలు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఎముక ఉంటుంది కదా, దాని వెనక అంచు మీద వేలితో నొక్కి చూడండి. అక్కడ నొప్పి పుట్టినా, పాదం మోపి నాలుగు అడుగులు వేయలేకపోయినా ఆలస్యం చేయకుండా ఎక్స్‌రే తీయించాలి. రెండూ లేకపోయినా మీరు ఒకసారి డాక్టరుకు చూపించుకోవడమే మంచిది. మీ వయసులో ఎముకలు పలచబడి ఉండొచ్చు. మధ్యలో ఎప్పుడైనా పొట్లం కట్టి ఇచ్చిన మాత్రలు వాడి ఉంటే వాటిలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది, అది ఎముకను ఇంకా బలహీనపరుస్తుంది. పాత నొప్పులు ఉన్నవాళ్లు కొత్త దెబ్బను కూడా 'ఎప్పుడూ ఉండేదేలే' అని వదిలేసి, ఎముక చిట్లిన కాలితోనే వారాల తరబడి తిరుగుతుంటారు.

పాత నొప్పి పెరిగిందన్నది మీ భ్రమ కాదు. ఏళ్ల తరబడి నొప్పి పడ్డవాళ్లలో నరాలు సున్నితంగా మారి, చిన్న దెబ్బకే మిగతా నొప్పులూ లేస్తాయి. పైగా కుంటుతూ నడిస్తే బరువంతా నడుము మీద, రెండో మోకాలి మీద పడుతుంది. అందుకే కర్ర వాడండి, కుడిచేత్తో పట్టుకోండి. చాలామంది దెబ్బ తగిలిన వైపే పట్టుకుంటారు, అది సరికాదు. ఎముకకు ఏమీ కాలేదని తేలితే మంచం మీదే ఉండిపోకండి, ఇంట్లో కొద్దికొద్దిగా నడవండి.

వాపు ఉన్నన్నాళ్లు చీలమండకు వేడి కాపడం, మర్దన, నాటు కట్టు వద్దు. ఐస్ గుడ్డలో చుట్టి పావుగంట పెట్టొచ్చు. క్రేప్ బ్యాండేజ్ కట్టుకుని, పడుకున్నప్పుడు కాలి కింద దిండు వేసుకోండి. నడుముకైతే వేడి కాపడం పెట్టుకోవచ్చు. లివర్ జబ్బు లేకపోతే నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా సరిపోతుంది. కానీ మీ ఎసిక్లోఫెనాక్‌లో అది ముందే కలిసి ఉందేమో షీటు మీద చూసుకోండి.

మూత్రం తగ్గినా, ముఖం ఉబ్బినా, మలం నల్లగా వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అవేవీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రేతో పాటు క్రియాటినిన్, మూత్రపరీక్ష గురించి అడగండి. మిమ్మల్ని చూడకుండా ఇంతకంటే చెప్పడం సరికాదు. వెళ్లేటప్పుడు పర్లాకిమిడివీ పాతపట్నంవీ మాత్రల షీట్లన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.