ఆడిటర్ ఉన్నారు సరే, లాయరు?

ప్రశ్న: మా అబ్బాయి ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. కోర్టులో వాదించడం ఇష్టం లేదట, చిన్న వ్యాపారుల అగ్రిమెంట్లు పరిశీలించే పని చేస్తానంటున్నాడు. నాకు విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల యూనిట్ ఉంది. ఇన్నేళ్లలో ఏ కాగితమూ లాయరుకు చూపించలేదు. నాలాంటివాళ్లు డబ్బిచ్చి మరీ అగ్రిమెంట్లు లాయరుతో చదివించుకుంటారా? - ఒక తండ్రి

జవాబు: మీకు ఆడిటర్ తప్పకుండా ఉండి ఉంటారు. జీఎస్టీ నోటీసు వస్తే ఆయన దగ్గరకు పరుగెత్తుతారు. సంతకం చేసే కాగితం మాత్రం ఎవరికీ చూపించరు. మన చిన్న పరిశ్రమల్లో చాలావాటి పరిస్థితి ఇదే.

మీ పెద్ద కొనుగోలుదారు పంపే పర్చేజ్ ఆర్డరు వెనక పేజీ ఒకసారి చదవండి. 90 రోజులకు చెల్లింపు అని అందులో ఉండవచ్చు. మీది ఉద్యమ్‌లో, అంటే చిన్న పరిశ్రమలకు కేంద్ర ప్రభుత్వం నడిపే నమోదు పోర్టల్‌లో, నమోదైన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా, మీకు రావాలి. అయితే ఆర్డరు తీసుకునే ముందే నమోదై ఉండటం క్షేమం. తర్వాత నమోదు చేసుకుని పాత బాకీకి ఈ రక్షణ కోరితే చిక్కులు వస్తాయి.

అసలు ప్రమాదం వివాదాల షరతులో ఉంటుంది. మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు చెప్పడం) ఢిల్లీలో, మధ్యవర్తిని నియమించేది కొనుగోలుదారే అని రాసి ఉంటే, మూడు లక్షల బాకీ కోసం మీరు ఎన్నిసార్లు ఢిల్లీ వెళ్తారు? ఏకైక మధ్యవర్తిని ఒక పక్షమే నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024లో తేల్చింది. కానీ మీ విషయంలో ఆ మాట చెప్పించుకోవాలంటే మళ్లీ కోర్టు ఖర్చే. సంతకానికి ముందైతే ఢిల్లీ బదులు విజయవాడ అని మార్చమని ఒక ఈమెయిల్ పంపితే సరిపోవచ్చు. పెద్ద కంపెనీ అడిగినవన్నీ మార్చదు, నిజమే. ఏది మార్చలేదో తెలిస్తే ధర ఎంత చెప్పాలో, అసలు ఆ ఆర్డరు వద్దనాలో మీరే నిర్ణయించుకోగలరు.

కాబట్టి పని ఉంది. మీ అబ్బాయితో నేను విభేదించేది కోర్టు విషయంలోనే. ఏ వాక్యం ఎక్కడ బెడిసికొడుతుందో వ్యాజ్యాలు చూడకుండా తెలియదు. వ్యాపార వివాదాలు విచారించే కమర్షియల్ కోర్టు విజయవాడలోనే ఉంది. అక్కడ కేసులు నడిపే సీనియర్ దగ్గర రెండు మూడేళ్లు పనిచేయమనండి, వాదించకపోయినా ఫైళ్లు చదవమనండి. కంపెనీ లీగల్ విభాగంలో పూర్తికాల జీతానికి చేరితే ప్రాక్టీసు నిలిపివేయాల్సి ఉంటుందని కూడా చెప్పండి.

న్యాయవాదులు ప్రకటనలు ఇవ్వకూడదు గనుక మొదటి క్లయింట్లు ఆడిటర్ల ద్వారానే వస్తారు. కాగితానికి ఇంత అని కాకుండా నెలకు చిన్న మొత్తం మాట్లాడుకుంటే యూనిట్ల యజమానులు వెనకాడరు. ఈలోగా మీ పాత పర్చేజ్ ఆర్డర్లు అతని చేతికివ్వండి.